నలభయ్యో పన్ను

“నీకు నోళ్లంటే అసహ్యమా, మనుషులంటేనా?”

దంతవైద్య కళాశాల నేలమాళిగలో, ప్లాస్టర్ అంటిన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ల్యాబ్ మేస్త్రీ ఈ మాట అడిగేనాటికి ఆమె చదువు నాలుగో ఏట ఉంది. ఆఖరి పరీక్షలకు ఐదు నెలలు. మేస్త్రీ గొంతులో కోపం లేదు, ఎకసెక్కం లేదు. ఈ తలుపు గడియ ఎటు తిరుగుతుందని అడిగినట్టు అడిగాడు. ఆమె చేతిలో సగం చెక్కిన మైనపు దవడపన్ను ఉంది. పైన ఓపీలో ఆమెకు కేటాయించిన రోగి కుర్చీలో కూర్చుని ఇరవై నిమిషాలయింది.

“రెండూ కాదు బాబాయ్,” అందామె. “నోరు తెరుస్తారు గానీ కళ్లు మూసుకోరు. అక్కడొచ్చింది చిక్కు.”

“కళ్లు లేని పళ్లు నా దగ్గర బోలెడు. ముందు పైకెళ్లు తల్లీ, ఆ పెద్దమనిషి దవడ పట్టేస్తుంది.”

తోటివాళ్లు ఆమెను మైనం అనేవారు. మొదటి ఏడాది అందరికీ అగ్గిపెట్టెంత మైనపు దిమ్మ, చిన్న కత్తి ఇచ్చి పన్ను చెక్కమంటారు. మిగతావాళ్లవి అరిగిపోయిన సబ్బు ముక్కల్లా వచ్చేవి. పొడుగ్గాడని పిలిచే ఒకడు చెక్కిన కోరపన్నును మేస్త్రీ వెలుతురులో తిప్పి చూసి, ఇది ఏ జంతువుదో కూడా కింద రాయి నాయనా అన్నాడు. ఆమె చెక్కినదాన్ని మాత్రం మారుమాట లేకుండా తీసుకెళ్లి తన అరలో పెట్టుకున్నాడు. పంటి ఎత్తుపల్లాలు ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో ఆమె వేళ్లకు ముందే ఎవరో చెప్పి పంపినట్టుండేది. దంతవైద్యమంటే ఇదేననుకుంది. మొదటి ఏడాది మైనం, రెండో ఏడాది పుస్తకం, మూడో ఏడాదికి గానీ మనిషి కనపడడు. ఈ వరుసను తిరగేసి ఉంటే సగంమంది మొదటి వారంలోనే ఇంటికి బస్సెక్కేవారు. వాళ్లలో ఆమె ఉండేది.

ఎంచుకుంది అనడం కూడా పెద్ద మాటే. పదిహేడేళ్ల పిల్ల. వచ్చిన మార్కులకు కిటికీ వెనక గుమాస్తా మూడు సీట్లు చదివి వినిపించాడు. వెనక నిలబడ్డవాళ్లు త్వరగా తేల్చమన్నారు. వాళ్ల నాన్న, డాక్టరన్న మాట దేంట్లో ఉంటే దాని మీద వేలు పెట్టమన్నాడు. చదువే జీవితాన్ని మలుస్తుందని సభల్లో చెప్పేవాళ్లు ఇలాంటి కిటికీల దగ్గర ఎంతసేపు నిలబడ్డారో చెప్పరు. ఆమె నిలబడింది నాలుగు నిమిషాలు.

చెడ్డ విద్యార్థి అయితే గొడవే ఉండేది కాదు. రక్తమంటే భయం లేదు, మార్కులకు కొదవ లేదు, చెయ్యి వణకదు. పని మొదలుపెడితే పన్ను ఒక్కటే కనిపించేది, దాని చుట్టూ ఉన్న మనిషి మాయమైపోయేవాడు. ఆ మనిషి ఉన్నట్టుండి మూలిగితే, బల్ల మూలిగినంత ఉలిక్కిపడేది. తలెత్తి చూస్తే కింద నుంచి రెండు కళ్లు. భయం, నమ్మకం కలిసిపోయి ఏది ఎంతో తెలియని చూపు. ఆ చూపుకు ఏం బదులివ్వాలో ఆమెకు తెలిసేది కాదు. పక్క కుర్చీ దగ్గర పొడుగ్గాడు, చేతిపని వంకర పోయినా సరే, రోగిని అన్నయ్యా అక్కయ్యా అంటూ నవ్విస్తూ పని కానిచ్చేసేవాడు. వాడి రోగులు వాడి కోసం మళ్లీ వచ్చేవారు. ఆమె రోగులు ఆమె పనిని మెచ్చుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లేవారు. అలాంటి రోజుల్లో ఆమె మెట్లు దిగి నేలమాళిగకు వెళ్లి, ఊపిరి కుదుటపడేదాకా మైనం చెక్కేది.

నాలుగో ఏట ప్రతి విద్యార్థికీ ఒక కోటా పుస్తకం ఉంటుంది. ఇన్ని పిప్పిపళ్లు పూడ్చాలి, ఇన్ని రూట్ కెనాల్స్ చెయ్యాలి, ఇన్ని పళ్లసెట్లు కట్టాలి, నలభై పళ్లు పీకాలి. ఒక్కో పనికి ఒక్కో గడి, గడి గడికీ డ్యూటీ మేడం సంతకం. గళ్లు నిండకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్లో ఈ పుస్తకాలకు గళ్లు గీయించి, నీలం అట్టవేసి కుట్టించుకునేవారు. రోగుల్ని ఎవరికి వారే వెతుక్కోవాలి కాబట్టి విద్యార్థుల మధ్య బేరాలు నడిచేవి. రెండు పిప్పిపళ్లకు ఒక రూట్ కెనాల్. మూడు పీకుళ్లకు ఒక బోసినోరు. బోసినోరు దొరకడం గగనం. ఆ పేటలో రిటైరైన పోస్టుమ్యాన్ తాత ఒకాయన ఉండేవాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆయన కోసం విద్యార్థులు వరస కట్టేవారు. ఏడేళ్లలో ఏడు సెట్లు చేయించుకుని అన్నీ ఒక డబ్బాలో దాచుకున్నాడు. పెట్టుకోవేం తాతా అంటే, నమలడానికి అడ్డొస్తున్నాయమ్మా అన్నాడు.

మైనం తనకొచ్చిన పీకుళ్లన్నీ ఇచ్చేసి బోసినోళ్లు కొనేది. పళ్లసెట్టంటే నేలమాళిగలో వారం రోజుల మైనపు పని. అలా సెట్ల గళ్లు ఎప్పుడో నిండాయి, పీకుళ్ల గళ్లు బోసిగా మిగిలాయి.

ఐదు నెలలున్నాయనగా మేస్త్రీ ఆ ప్రశ్న వేసింది ఇదంతా చూసే. మర్నాడు తనే పిలిచి ఇంకో మాట చెప్పాడు. ఈ ఏడాదితో తన ఉద్యోగం అయిపోతుంది. రెండు వీధులవతల గది ఒకటి మాట్లాడుకున్నాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే పళ్లు చేసి ఇచ్చే సొంత ల్యాబ్. అందులో రెండు బల్లలు, రెండోది కిటికీ పక్కన.

“అది నీది. నేర్చుకోవాల్సింది ఏడాది పని, అంతే. కానీ ఒక్కటి, పరీక్ష రాసి మాత్రం రాకు. డాక్టరమ్మ చేత బల్ల తుడిపించడం నా వల్ల కాదు. నువ్వు నన్ను చిన్నచూపు చూస్తావో, నేను నిన్ను నెత్తికెక్కించుకుంటానో, ఏదో ఒకటి తప్పదు. అప్పుడు పని చెడుతుంది.”

నాలుగేళ్లు వదిలేసి రావడం సులువనుకుంటున్నావా బాబాయ్ అని ఆమె అడిగింది. సులువైతే నిన్నెందుకు అడుగుతాను, పొడుగ్గాణ్ణి అడిగేవాణ్ణి కదా అన్నాడు మేస్త్రీ. కోటా పుస్తకాలు మూసే గడువు రోజు దాకా బల్ల ఖాళీగా ఉంచుతానన్నాడు.

ఆ ఆదివారం ఇంటికెళ్లింది. నాన్న లారీల తూకం కాటాలో గుమాస్తా. నలుగురు నిలబడితే నిండిపోయే గది, ఒక కిటికీ, ఎర్ర అంకెలు వెలిగే పెట్టె, పురికొసకు వేలాడే చీటీల కట్ట. లారీ కాటా మీదికెక్కి ఆగడం, డ్రైవరు దిగడం, నాన్న అంకె రాసుకోవడం చూస్తూ స్టూలు మీద కూర్చుని, లారీకి లారీకి మధ్య కొంచెం కొంచెంగా చెప్పింది. ఈ చదువు తనది కాదేమోనని. మైనం పని ఉందని. ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఆమె ఎదురు తిరిగేది, బహుశా ఈ కథ అక్కడే తెమిలేది. చీటీ చింపి డ్రైవరు చేతికిచ్చి, కిటికీ మూసి ఇటు తిరిగాడు.

“లోడు కాటా ఎక్కేసిందమ్మడూ. ఇప్పుడు వెనక్కి తిప్పితే అటు సరుకూ కాదు, ఇటు ఖాళీ బండీ కాదు. పూర్తిచెయ్యి. తర్వాత నీ ఇష్టం.”

పూర్తిచెయ్యి, తర్వాత నీ ఇష్టం. పెద్దవాళ్లు మంచి మనసుతో చెప్పే మాటల్లో ఇంత మోసం ఉన్నది ఇంకొకటి లేదు. పూర్తయిన తర్వాత ఇష్టం అనేది ఉండదు, పట్టా ఉంటుంది. నాన్నకది తెలియదు. ఆయన పట్టా పుచ్చుకున్న మనిషి కాదు. ఆమెకు తెలిసుండాలి. తెలిసీ, సరే నాన్నా అంది. రాత్రి ఇంట్లో తమ్ముడు అన్నం తింటూ, నువ్వు పీకేదేం లేదని అప్పుడే చెప్పానా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

తిరిగొచ్చాక ఎటూ తేల్చుకోలేక, తేల్చే పనిని పుస్తకానికి అప్పజెప్పింది. ఇకమీద బేరాలు మానేస్తుంది. పీకుళ్లు వాటంతటవి వస్తే చేస్తుంది, రాకపోతే ఎవర్నీ బతిమాలదు. గడువు రోజు నాలుగింటికి నలభై గళ్లూ నిండితే డాక్టరు, నిండకపోతే మేస్త్రీ దగ్గర కిటికీ పక్క బల్ల. నాన్నకు అప్పుడు ‘మానేశాను’ అని చెప్పక్కర్లేదు, ‘కూర్చోనివ్వలేదు’ అంటే చాలు. పిరికితనమే, కానీ ఆ నెలల్లో ఆమె హాయిగా నిద్రపోయింది.

గడువు రోజు పొద్దున ముప్పై తొమ్మిది. మధ్యాహ్నం రెండున్నరకూ ముప్పై తొమ్మిదే. ఓపీ పల్చబడింది. అడిగితే ఇచ్చేవాళ్లున్నారేమో గానీ ఆమె అడగలేదు. కుర్చీ తుడిచి, పనిముట్లు సర్ది, గడియారం ముల్లు కదలడం చూస్తూ కూర్చుంది. కింద మేస్త్రీకి ముందురోజే చెప్పింది, నాలుగింటికి వచ్చి మాట చెబుతానని.

పావుతక్కువ మూడింటికి జిరాక్స్ కొట్టాయన వచ్చాడు. దవడ మీద చెయ్యి, మెడకు తువ్వాలు. నాలుగేళ్లుగా ఆమె నోట్సులన్నీ ఆయన మిషను మీదే తీయించుకుంది. కొట్లో ‘అప్పు అడగరాదు’ అని పెద్దక్షరాల బోర్డు ఉండేది, దాని కిందే నిలబడి అందరికీ అప్పిచ్చేవాడు. అక్కడున్న పదిమంది విద్యార్థుల్ని దాటుకుని తిన్నగా ఆమె కుర్చీ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

“తీసెయ్ డాక్టరమ్మా. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు.”

ఎక్స్‌రే తీయించి, తడి ఆరకముందే కిటికీకి పట్టి చూసింది. కింది దవడపన్ను. పిప్పి లోతుగా దిగింది గానీ వేర్లు రెండూ గట్టిగా ఉన్నాయి, చుట్టూ ఎముక చెక్కుచెదరలేదు. మూడుసార్లు వస్తే రూట్ కెనాల్ చేసి నిలబెట్టవచ్చు. మొదటిసారికే నొప్పి పోతుంది. ఆమె పుస్తకంలో రూట్ కెనాల్ గళ్లు నిండిపోయాయి. పొడుగ్గాడికి ఒకటి కావాలి, కానీ వాడి దగ్గర మార్చుకోవడానికి పీకుడు లేదు. ఇదంతా ఆలోచించిందని ఆమెకు తర్వాతెప్పటికో తెలిసింది. అప్పుడు మాత్రం ఎక్స్‌రే చూస్తున్నాననే అనుకుంది.

ఆయన ఆమె మొహం చూసి గ్రహించినట్టున్నాడు. పీకకుండా కూడా నయం చేస్తారని పక్క కొట్టతను అన్నాడే, నిజమేనా అని అడిగాడు. ఆమె బదులివ్వకముందే తనే మళ్లీ అన్నాడు.

“నీ పన్నైతే ఏం చేస్తావు తల్లీ?”

కింద నుంచి రెండు కళ్లు.

“తీయించేసుకుంటాను,” అంది.

డ్యూటీ మేడం ఎక్స్‌రే మీద ఒక చూపు పడేసి, ఉంచొచ్చుగా అంది. తీసెయ్యమంటున్నారు మేడం అని ఆమె అంది. అందులో అబద్ధం ముక్క లేదు. మేడం ముందు ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. సంతకం పడింది.

ఆమె నాలుగేళ్లలో చేసిన పీకుళ్లన్నిట్లో అది మేలైనది. మత్తు సూది గుచ్చినట్టే తెలియలేదన్నాడాయన. పన్ను రెండు వేర్లతో సహా, విరగకుండా, చక్కగా చేతికొచ్చింది. ట్రేలో పడ్డప్పుడు గట్టిగా శబ్దం చేసింది, చచ్చిన పన్ను అలా మోగదు. ఆయన దూది కరిచిపట్టుకుని రెండు చేతులూ జోడించాడు. ఆ గాడిలో పన్ను నేనే చేసి పెడతాను, మీరేం ఇవ్వక్కర్లేదు అని ఆమె అంటే, సైగలతోనే ససేమిరా అని, మూడు వందలు తీసి ఆమె తెల్లకోటు జేబులో కుక్కాడు. దూది సందులోంచి ఏదో గొణిగాడు. ఆమెకు అర్థమైనంత వరకు, ఊరికే పెట్టించుకున్న పన్ను ఊడితే ఎవర్నడగను అన్నాడు.

నాలుగింటికి నేలమాళిగకు దిగింది. మేస్త్రీ ఆమె చంకలోని నీలం అట్ట వైపు చూశాడు.

“నిండిందా?”

“నిండింది బాబాయ్.”

“మంచిది,” అని ప్లాస్టర్ కలుపుకోవడంలో పడ్డాడు. ఏ పన్ను, ఎవరిది అని అడగలేదు. ఫలితాలొచ్చిన రోజున వరండాలో ఎదురుపడితే, అభినందనలు మేడం, మీకు మంచి భవిష్యత్తుంది అన్నాడు. నాలుగేళ్లు తల్లీ, నువ్వూ అని పిలిచిన మనిషి. ఆయన వెటకారానికి అనలేదు. వెటకారమైతే బాగుండేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

జిరాక్సాయన కోసం పన్ను చెక్కింది. చిగుళ్లు మానాక అచ్చు తీసుకుని, వారం రోజులు ఆ ఒక్క దాని మీదే కూర్చుంది. ఉద్యోగం ఆఖరి నెలలో ఉన్న మేస్త్రీయే దాన్ని పోతపోసి, పక్క పళ్లను పట్టుకునే కొక్కేలు అమర్చి ఇచ్చాడు. తీసుకెళ్లి పెట్టి రావడమే మిగిలింది. రెండుసార్లు గేటు దాటింది. మొదటిసారి ఆయన ఎవరో రోగి బంధువులకు చెబుతున్నాడు, పన్ను పీకించుకుంటే ఆ డాక్టరమ్మ చేతే పీకించుకోవాలి, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టుంటుందని. ఆమె రోడ్డుకు ఇవతలే ఆగిపోయింది. రెండోసారి ఆయన చూసి చెయ్యి ఊపాడు. ఆమె కూడా చెయ్యి ఊపి, హడావిడిగా ఉన్నట్టు బస్సెక్కేసింది. మూడోసారి వెళ్లలేదు. ఆ ఏడాది అయ్యాక ఆ పేట వదిలేసింది.

తర్వాతి పందొమ్మిదేళ్లు చెప్పుకోదగ్గవి కావు, చెడ్డవీ కావు. హార్డువేరు కొట్టు మీద ఒక గది, ఒక కుర్చీ, ఒక రిసెప్షనిస్టు. ఇష్టంగా చేస్తే కష్టం తెలియదంటారు. ఇష్టం లేకుండా కూడా పని శుభ్రంగా చెయ్యొచ్చని, అలా చేసినవాళ్ల మీదే లోకంలో సగం పనులు నడుస్తున్నాయని ఎవరూ అనరు. ఆమె నిలబెట్టదగ్గ పన్నును మళ్లీ ఎన్నడూ పీకలేదు. రోగి తీసెయ్యమని మొత్తుకున్నా వినేది కాదు. ఈ డాక్టరమ్మకు పంతమెక్కువని పేరు పడింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకీ నల్లకళ్లద్దాలు ఇచ్చేది. లైటు కళ్లలో పడకుండా అని చెప్పేది. లైటు కోసం కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

అచ్చులు మేస్త్రీ ల్యాబుకే పంపేది. కిటికీ పక్క బల్ల మీద ఇంకో అమ్మాయి పనిచేసేది. ‘మేడం గారికి’ అని చీటీ అంటించిన డబ్బాలో పళ్లు వచ్చేవి. మంచి పనే. అప్పుడప్పుడు అంచు దగ్గర ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసుకుని, అరగదీసి పెట్టేది. ఒక్కోసారి పని ఉన్నా లేకపోయినా ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చునేది. మానేసి ఆ బల్ల దగ్గరికి వెళ్లి ఉంటే సుఖపడేదా? మైనం పని చేసి వెన్ను విరిగినవాళ్లు, కళ్లు పోయినవాళ్లు ఉన్నారు. ఏమో. తెలుసుకునే వీలు లేకుండా చేసింది పుస్తకం కాదు, నాన్న కాదు, ఆ పావుతక్కువ మూడింటి మాట. ఇరవైల్లో, ఆయనే తీసెయ్యమన్నాడు కదా అని సర్దుకుంది. ముప్పైల్లో నాన్న కోసమనుకుంది. నలభై దాటాక తోచింది ఇది: కావాలనుకున్న ఆ బల్ల నిజంగానే చేతికొచ్చేలా ఉందని ఆ పూట భయం వేసింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం జిరాక్సాయన ఆమె క్లినిక్కు మెట్లెక్కాడు. కొట్టు ఎప్పుడో ఎత్తేశాడట, కూతురి ఇంటికి దగ్గరలో ఉంటున్నాడట. పైదవడ ఎడంవైపు నొప్పని వచ్చాడు, బోర్డు మీద పేరు చూసి కాదు. లోపల ఆమెను గుర్తుపట్టి, నువ్వా డాక్టరమ్మా అని సంబరపడిపోయాడు. నల్లకళ్లద్దాలు పెట్టి నోరు చూసింది. పందొమ్మిదేళ్లుగా ఒకవైపే నమలడంతో ఆ వైపు పళ్లు అరిగిపోయాయి. రెండో వైపు, తను పీకిన చోట గాడి సగం మూసుకుపోయింది. అటూ ఇటూ ఉన్న పళ్లు ఖాళీలోకి ఒరిగాయి, పైపన్ను కిందికి జారింది. నోట్లో ఖాళీ ఎక్కువకాలం ఖాళీగా ఉండదు.

ఆమె లేచి సొరుగులోంచి చిన్న డబ్బా తీసింది. ఎన్ని ఇళ్లు మారినా పారేయలేదు. ఆ పన్నును కడిగి, గాడి దగ్గర పెట్టి చూసింది. సగం కూడా దిగలేదు. ఒరిగిన పళ్లకు తగిలి పక్కకు జారింది.

“ఎంత బాగుందో,” అన్నాడాయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ. “అప్పుడే ఇవ్వాల్సింది తల్లీ.”

అప్పుడు చెప్పింది. ఆ పన్ను తీయాల్సిన అవసరమే లేదని, మూడు సిట్టింగుల్లో నిలిచేదని, అది తనకు ఎక్స్‌రే చూసినప్పుడే తెలుసని. ఆయన నల్లకళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈసారి ఆమె చూపు తిప్పుకోలేదు.

“నీ పన్నైతే ఏం చేస్తావని అడిగాను కదమ్మా నిన్ను.”

“అడిగారు. పుస్తకంలో ఒక గడి ఖాళీ ఉంది. ఆ రోజే ఆఖరు.”

“నీలం అట్ట పుస్తకమా? నా కొట్లో కుట్టించుకున్నదేనా?”

“అదే.”

ఆయన నాలుకతో ఆ ఖాళీని తడుముకున్నాడు, దవడ మీద చర్మం కదలడం ఆమెకు కనిపించింది. కింద హార్డువేరు కొట్లో ఎవరో ఇనప గొట్టాలు దించుతున్నారు.

“నలభై గళ్లు. నేనే గీయించాను,” అన్నాడు చివరికి. “ఒకటి తక్కువ గీయించాల్సింది.”

పైపంటికి చెయ్యాల్సిన పని ఆ పూటే మొదలుపెట్టింది, మిగతాది వచ్చే వారం అంది. ఆయన లేస్తుంటే మూడు వందలు చేతిలో పెట్టబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటే లెక్క తేలిపోయినట్టే కదమ్మా, అంత తొందరేం లేదులే అని, ఆ పన్నును కూడా బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాడు. వచ్చే వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఆయనకు ఆమె ఇంకా మూడు వందలు బాకీ.